కారణం లేని చావు చెల్లదు

డాక్టర్ బెహరా జగన్నాథం రిటైరై, కథా రచయితగా పేరు నమోదు చేయించుకున్న మూడో రోజు పొద్దున్న, సర్వీసులో ఆయన చేతిమీదుగా పోయిన నాలుగు వందల పన్నెండు మందీ తిరిగొచ్చి ఆయన వీధరుగు ముందు వరసగా నిలబడ్డారు. రాయవలసలో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. పాలవాడు మాత్రం దారివ్వండి బాబూ అని విసుక్కుంటూ, సైకిలు నడిపించుకుని లోపలికి వెళ్లి పాలు పోసి పోయాడు.

తప్పు డాక్టరుదే అనాలి. కథలు రాయాలన్నది ఆయనకు ముప్పై ఏళ్ల ముచ్చట. మిగతావాళ్లలా కాగితం, కలం తీసుకుని కూర్చుంటే సరిపోయేది. సర్కారు ఉద్యోగం చేసిన మనిషి కదా, పద్ధతిగా పోదామని గ్రంథాలయ శాఖకు దరఖాస్తు పెట్టాడు. అందులో పదకొండో గడి ‘ఇదివరకు రాసిన కల్పిత రచనలు’. ఆయన ‘లేవు’ అని రాశాడు. అది నిజమో కాదో తేల్చడానికి శాఖవారు ముగ్గురితో సంఘం వేశారు. సంఘం ఆసుపత్రి పాత బీరువాలు తెరిపించి, ఆయన సంతకంతో ఉన్న మరణ ధ్రువపత్రాలన్నీ ఓపిగ్గా చదివింది. నూతిలో పడ్డవాడికీ, పురుగుమందు తాగినవాడికీ, క్వారీలో బండ కింద నలిగినవాడికీ అందరికీ ఒకటే కారణం. గుండె ఆగిపోవడం వల్ల.

అలా రాయడం ఆయనొక్కడి అలవాటేమీ కాదు. ఆయనకు ముందు డాక్టరూ అదే రాశాడు, తర్వాత వచ్చినాయనా అదే రాస్తున్నాడు. అసలు కారణం రాస్తే పంచనామా, పోస్టుమార్టం, కోర్టు వాయిదాలు, పెద్దమనుషుల ఫోన్లు. గుండె అంటే ఏ గొడవా లేదు. ఎవరు మాత్రం గుండె ఆగకుండా పోయారు గనక! సంఘం ఈ వాదన వినలేదు. ‘ఇవి నాలుగు వందల పన్నెండు చిన్న కథలు. రచయితకు ముగింపు మీద మంచి పట్టుంది’ అని తేల్చి, కాగితాలన్నీ కట్టలు కట్టించి గ్రంథాలయంలో కథల బీరువాలోకి చేర్చింది. డాక్టరు పేరు కథా రచయితగా నమోదు కూడా చేసింది.

ధ్రువపత్రాలు కథలైపోయేసరికి మున్సిపాలిటీ రిజిస్టరులో కారణం గడులు ఖాళీ పడ్డాయి. జనన మరణాల గుమాస్తా దత్తి లక్ష్మున్నాయుడు చంకలో రిజిస్టరు పెట్టుకుని స్వయంగా వచ్చాడు.

“కారణం లేని చావు చెల్లదండి. చెల్లకపోతే వీళ్లు సచ్చినట్టు కాదు కదండి, అందుకే ఇలగొచ్చీసారు. మీరు నిజం రాసివ్వండి, నాను అంటించీసుకుంటాను.”

“నేనిప్పుడు డాక్టర్ని కాదయ్యా. రిటైరయ్యాను. కథలు రాసుకుంటున్నాను.”

“కథ అనే రాయండి సార్. మీరు ధ్రువపత్రమని రాసింది కథయిపోయింది. కథ అని రాస్తే ధ్రువపత్రమవ్వదేటి?”

 మర్నాటి నుంచి డాక్టరు అరుగు మీద బల్ల వేసుకుని, ఆసుపత్రిలో లాగే తొమ్మిదింటికి కూర్చున్నాడు. రోజుకు ఎనిమిది టోకెన్లు. వచ్చినవాళ్లు ఎలా పోయారో అలా రాసి, చదివి వినిపిస్తాడు. వాళ్లు తలూపి, వేలిముద్ర వేసి, సెలవు పుచ్చుకుంటారు. గేటు దాటి నాలుగడుగులు వేశాక కనపడరు.

మొదటి రోజు చెయ్యి ఆడలేదు. క్వారీ కూలీ కథలో ‘గుండె’ అనే మాట దానంతటదే వచ్చి కూర్చుంది. ఆ మనిషి ఛాతీ మీది బండ పక్కకు జరుపుకుని, “ఇది కూడా రాయండి బావూ, బరువుగుంది” అన్నాడు. బండ గురించి రాశాడు, తాడు పాతదని రాశాడు, పాతదని మేస్త్రీకి ముందే తెలుసునని కూడా రాశాడు. కూలీ బండను అక్కడే వదిలేసి తేలిగ్గా వెళ్లిపోయాడు. ఆ బండ ఇప్పటికీ డాక్టరుగారి గేటు పక్కనే ఉంది, చెప్పులు విడవడానికి పనికొస్తోంది. పది రోజులకు ఆయన కలం గాడిలో పడింది. భార్య హైమవతి వరసలో ఉన్నవాళ్లకు మజ్జిగ పోస్తూ, “ఉద్యోగంలో ఉండగా ఇంత శ్రద్ధగా రోగుల్ని చూసుంటే ఎంత బాగుండేదండీ” అంది. ఆయన తర్వాతి టోకెను పిలిచాడు.

అందరూ కదులుతున్నారు, గేదెల పైడమ్మ మాత్రం కదలడం లేదు. ఆమెకు ఏ రోజు చూసినా తొమ్మిదో నంబరే. టోకెన్లు ఇచ్చేది డాక్టరే కాబట్టి అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఎనిమిదోవాడు వెళ్లగానే ఆయన కలం మూసేసి, “ఇవాళ్టికి అయిపోయాయమ్మా, రేపు రా” అంటాడు.

“మరేటి పర్నేదు బావూ,” అంటుంది పైడమ్మ. “కాసుకుని కూకోడం నాకలవాటే.”

ఆ మాట వినగానే ఆయన చెయ్యి జేబు తడుముకునేది.

మధ్యాహ్నం పూట పైడమ్మ కూతురు నూకాలు క్యారేజీ తెచ్చి తల్లి పక్కన కూర్చునేది. తల్లి పోయేనాటికి దానికి ఎనిమిదేళ్లు, ఇప్పుడు ముప్పై అయిదు. ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సు దగ్గర పూలమ్ముతుంది. కాలు నేలకు ఆనిందో లేదో అన్నట్టు నెమ్మదిగా నడుస్తుంది. మెట్లెక్కదు, నీళ్ల బిందె ఎత్తదు, జాతరలో రంగులరాట్నం వైపు కన్నెత్తి చూడదు. తల్లి గుండె ఆగి పోయిందని కాగితంలో ఉంది కదా, తనకూ అదే రాసిపెట్టి ఉందని దాని భయం.

“నాకు గుండి జబ్బు నేదే పిల్లా,” అని పైడమ్మ చెప్పి చూసింది. “నానేలాగ సచ్చిపోనానో నాకు తెల్దేటి?”

“నువ్వు సెప్తే ఏటమ్మా, కాయితంలో అలాగుంది.” నూకాలు కళ్లు తుడుచుకుంది. “డాట్రుబాబు రాసింది అబద్దమౌద్దేటి?”

బల్ల వెనక కూర్చున్న డాక్టరు ఇదంతా విన్నాడు. ఆ పూట అన్నం సయించలేదు. నిజం రాస్తే ఆ పిల్ల బతికిపోతుంది. రాస్తే తను ఎలాంటివాడో హైమవతికి తెలిసిపోతుంది. నలభై ఏళ్లుగా ‘మా ఆయన దేవుడు’ అని చెప్పుకు తిరిగే మనిషి. ఆయన భయమంతా అదే, వేరే ఏమీ లేదు.

యాభై రెండో రోజుకు పైడమ్మ నంబరు నాలుగు. తొమ్మిది ఇద్దామన్నా వరసలో జనం లేరు. ముగ్గురూ వెళ్లిపోయాక ఆమె వచ్చి బల్ల ముందు కూర్చుంది. పక్కన నూకాలు నిలబడింది. హైమవతి మజ్జిగ గిన్నె పట్టుకుని గుమ్మంలో ఆగింది.

డాక్టరు గంటసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తర్వాత జేబులోంచి చిన్న ఇత్తడి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, రాయడం మొదలుపెట్టాడు. రాసింది ఇలా చదివాడు.

“పైడమ్మను మధ్యాహ్నం పన్నెండున్నరకు పాము కరిచింది. ఒంటిగంటకల్లా ఆసుపత్రిలో బెంచీ మీద ఉంది. మందు బీరువాలో ఉంది. మందులు మాయమవుతున్నాయని డాక్టరు తాళంచెవి తన జేబులోనే పెట్టుకునేవాడు. డాక్టరు ఆ పూట బావమరిది పెళ్లిలో భోజనానికి కూర్చున్నాడు. వార్డు మనిషి పందిట్లోకి పరుగున వచ్చి, పాముకాటు బాబూ అని చెప్పాడు. డాక్టరు, వస్తున్నా పద, పెరుగులోకి వచ్చేశాను అన్నాడు. అది నిజం కాదు. అప్పుడే పనసపొట్టు కూర రెండోసారి వడ్డించారు. ఆయన వెళ్లేసరికి మూడయింది. పైడమ్మ రెండు గంటలు కాసుకుని కూర్చుంది. ఆమె గుండె చివరిదాకా చక్కగా కొట్టుకుంది. ఆమె గుండెలో ఏ లోపమూ లేదు.”

 మజ్జిగ గిన్నె కింద పెట్టింది హైమవతి.

“ఆ కూర రెండోసారి వడ్డించింది నేనేనండీ,” అంది. “అది కూడా రాయండి.”

ఆయన రాశాడు. పైడమ్మ వేలిముద్ర వేసింది. కోపమేమైనా ఉందేమోనని డాక్టరు ఆమె మొహంలోకి భయం భయంగా చూశాడు.

“ఇంతేన బావూ?” అంది పైడమ్మ. “ఇంత సిన్న ముక్కకి నన్నిన్నాల్లు కూకోబెట్టీసారు.” లేచి, కూతురి తల నిమిరి, గేటు దాటి వెళ్లిపోయింది.

నూకాలు మాత్రం ఊరుకోలేదు. “ఇరవయ్యేడేల్లు! మెట్లెక్కడానికి బయపడి సచ్చాను బావూ నాను! మీ కలం ఇరిగిపోనూ!” అని నోరారా తిట్టింది. తిట్టి తిట్టి ఆయాసం వచ్చి, ఆయాసం వచ్చినా ఏమీ కాలేదని గమనించుకుని, ఖాళీ క్యారేజీ ఊపుకుంటూ వీధి చివరిదాకా పరుగెత్తింది. డాక్టరు బల్ల మీద తలపెట్టి ఏడ్చాడు. ఏడుపయ్యాక ఒళ్లంతా జ్వరం దిగినట్టయింది. ఆ రాత్రి పనసపొట్టు కూర వండమని ఆయనే అడిగాడు. ఇరవయ్యేడేళ్ల తర్వాత తిన్నాడు. కొద్దిగానే తిన్నాడు.

తాళంచెవి ఆసుపత్రికి అప్పగించేద్దామని ఆ వారమే వెళ్లాడు. మనసు తేలిగ్గా ఉంది, నడకా తేలిగ్గా ఉంది. నోటీసు బోర్డులో కొత్త ఉత్తర్వు కనిపించింది. రాయవలస అనుభవం దృష్ట్యా డాక్టర్లందరూ నిజం రాయడానికి ప్రభుత్వం సంతోషంతో అనుమతిస్తున్నదనీ, అయితే ఈ సౌకర్యం పదవీ విరమణ తర్వాత మాత్రమే వర్తిస్తుందనీ, అంతవరకు పాత పద్ధతే కొనసాగుతుందనీ, పోయినవారు అప్పటిదాకా వేచి ఉండాలనీ అందులో ఉంది. వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కొత్త బెంచీలు వేశారు. చాలావరకు నిండిపోయాయి. ఫ్యాన్లు కూడా తిరుగుతున్నాయి. చూడగానే, ఎంత సదుపాయం చేశారు అనిపించింది డాక్టరుకు.

ఓపీ గదిలో కుర్ర డాక్టరు ఒక ధ్రువపత్రం మీద సంతకం పెడుతున్నాడు. ఎదురుగా కరెంటు స్తంభం మీంచి పడి అప్పుడే పోయిన మనిషి, కాలిన చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడి ఉన్నాడు.

“మీకింకా ఎన్నేల్ల సర్వీసుందండి బావూ?”

“పంతొమ్మిది,” అన్నాడు కుర్ర డాక్టరు తలెత్తకుండా.

“ఫర్వానేదండి,” అంటూ ఆ మనిషి ఊపిరి పీల్చుకుని, వరండాలోకి వచ్చి ఖాళీ వెతుక్కున్నాడు. బెంచీ మీదివాళ్లు కాస్త సర్దుకుని చోటిచ్చారు. జగన్నాథం కూడా పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చాడు.