అత్తగారి ఫొటో, ఎర్ర పీతల ఫైనల్

ఆ శనివారం పొద్దున ఎబో పెట్టుకున్న పని ఒక్కటే: ఎర్ర పీతల జట్టు ఆడే ఫుట్‌బాల్ కప్పు ఫైనల్‌ను తన టీవీ హాల్లో జనానికి చూపించడం. అతని అత్త ఎఫువా సెకొండి రేవులో చేపలు పొగబెట్టి అమ్ముతుంది. "ఇవాళ కూడా నీ కుర్చీలు ఖాళీగా ఉంటే, అల్లుడూ, హాలు మూసెయ్. రేపట్నుంచి నా గంపలు నీ నెత్తిమీదే" అని మొక్కజొన్న కెంకీ ముద్ద మింగినంత తేలిగ్గా చెప్పేసి రేవుకు వెళ్ళిపోయింది.

కుర్చీలు ఖాళీ కావడానికి కారణం ఎదురుగా సెలూన్ నడిపే బైడూ. అతనికి డిష్ ఉంది. ఎబో టీవీకి మ్యాచ్ ఫోన్‌లోంచి వస్తుంది, అదీ దారిలో చుట్టాలందరినీ పలకరించుకుంటూ. సెలూన్‌లో "గోల్!" అని అరుపులు లేచి, చల్లారి, గడ్డాలు గీయడం మళ్ళీ మొదలయ్యాక గానీ ఎబో టీవీలో బంతి కదలదు.

"నీ దగ్గర గోలు కూడా చద్దిదే దొరుకుతుందన్నా" అంటూ జనం వీధి దాటేశారు.

సెలూన్ అరుపులు వినబడకపోతే చాలు అనుకున్నాడు ఎబో. అంత మోత చేయగలిగింది ఊళ్ళో చావుల బ్యాండు ఒక్కటే. బతిమాలి వాళ్ళను పట్టుకొచ్చి, వాకిట్లో పందిరి వేయించాడు. టీవీ మీద ఎండ పడుతోంటే కిటికీకి అడ్డంగా తలుపంత ఉన్న అత్తగారి ఫొటో పెట్టాడు. ముఖం వీధి వైపు తిప్పాడు. అత్త చూస్తుంటే అతనికి ఆట తలకెక్కదు.

అభిమానులు ఎరుపూ నలుపూ చొక్కాల్లో వచ్చారు. పీతల రంగులు అవే. సెకొండిలో చావుకు కట్టుకునే రంగులూ అవే.

మొదటి సగంలోనే పీతలు పెనాల్టీ పోగొట్టుకున్నాయి. బ్యాండు జోరందుకుంది. మగాళ్ళు బావురుమన్నారు.

వీధిలో పోతున్న ఒక ముసలాయన ఆగాడు. పందిరి చూశాడు, ఏడుపు విన్నాడు, ఫొటో చూశాడు. "అయ్యో ఎఫువా!" అంటూ లోపలికొచ్చి, ఆచారం ప్రకారం కుడిచేతి వైపు నుంచి మొదలుపెట్టి అందరికీ కరచాలనం చేశాడు.

"గుండె దిటవు చేసుకో నాయనా."

"రెండో సగంలో కోలుకుంటాం తాతా" అన్నాడు ఎబో, టీవీ మీంచి కళ్ళు తీయకుండా.

వార్త రేవుదాకా పాకింది. ఎదురుగా చావు ఉంటే టీవీ పెట్టుకున్నవాణ్ణి సెకొండిలో మనిషి అనరు. బైడూ డిష్ కట్టేసి, సగం గీసిన గడ్డాలను వెంటేసుకుని వచ్చాడు.

"మన మధ్య ఎన్ని ఉన్నా, ఎబో, అలాంటి చేప ఇక దొరకదురా!" అని కావలించుకున్నాడు.

"ఏ చేప?" అని ఎబో వెనక్కి తిరిగాడు. ఎవరో ఫొటోను హాలు వైపు తిప్పి, ముందు కొవ్వొత్తి వెలిగించారు. విషయం అర్థమై నోరు తెరిచాడు. హాల్లో ఖాళీ కుర్చీ ఒక్కటి లేదు. నోరు మూసుకున్నాడు.

"ఆఖరి మాట ఏమంది?" అనడిగాడు బైడూ.

"గంపలు నీ నెత్తిమీదే అంది" అన్నాడు ఎబో నిజాయితీగా. జనం ఘొల్లుమన్నారు.

ఆట చివరి నిమిషంలో ఉండగా గుమ్మంలో ఎఫువా గంపతో సహా ప్రత్యక్షమైంది. అందరూ అటు తిరిగి కొయ్యబారిపోయారు. బాకా ఒకటి కుయ్యిమని చచ్చింది. టీవీ వైపు చూస్తున్నది ఆవిడ ఒక్కతే.

"ఒరే, బంతి వలలో పడింది. ఎవడైనా తీసివ్వండ్రా, ఆ ఎర్రచొక్కా పిల్లాడు మోకాళ్ళమీద పడి ఏడుస్తున్నాడు."

అందరూ గిరుక్కున టీవీ వైపు తిరిగారు. కరెంటు పోయింది, పోతూ ఫోన్ టవర్‌నీ వెంట తీసుకుపోయింది.

బైడూ మోకరిల్లాడు. "దెయ్యానివైనా సరే అత్తా, మన గోలు ఎలా పడిందో చెప్పు!"

ఎఫువా గంప దించి, తన ఫొటో కింద కూర్చుంది. "ఎడమ ఒడ్డు నుంచి వంజరంలా దూసుకొచ్చిందిరా..." చెప్పిన ప్రతిసారీ గోలు పెద్దదయింది. ఐదోసారికి బంతి గోల్‌కీపర్‌ని, వలను, రెండు గుంజలను ఈడ్చుకుపోయింది. కరెంటు వచ్చినా ఎవరూ కదల్లేదు.

గంపల మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. వచ్చే శనివారానికి ఒకటే షరతు పెట్టింది: ఫొటో అక్కడే ఉండాలి, ఏడ్చేవాళ్ళు కాస్త ముందుగా రావాలి.