పెట్రోల్లో నీళ్ళు

ఆ ఆదివారం పొద్దున రైమో వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, గడ్డం గీసుకోవడం, మంచు మీద పరిగెత్తే మోటారుబండి వెనక జారుడుపెట్టె తగిలించి అందులో భార్య హిల్కాను కూర్చోబెట్టుకోవడం, గడ్డకట్టిన సరస్సు దాటి బావమరిది ఓస్మో ఇంటికి వెళ్ళడం. ఓస్మోకు పుట్టిన ఆడపిల్లకు ఆ మధ్యాహ్నం ఇంట్లోనే బాప్తిస్మం. బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకునే జ్ఞానతండ్రి రైమోయే.

ఆ గౌరవం ఊరికే రాలేదు. వలలు వేసే చోటు దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరూ రెండు శీతాకాలాలు మొహాలు చూసుకోలేదు. చివరికి ఓస్మోయే గడప తొక్కి, "జరిగిందేదో జరిగింది బావా. నా కూతుర్ని నువ్వే ఎత్తుకోవాలి" అన్నాడు. రైమో ఏడవలేదు గానీ, పొయ్యిలో కట్టెలు సర్దే మిషతో చాలాసేపు అటు తిరిగే ఉన్నాడు.

సరస్సు గట్టిపడ్డాక బండి బయటికి తీయడం అదే మొదలు. తాడు లాగగానే అంటుకుంది. వేగం పెంచబోతే మాత్రం గొంతులో మెతుకు అడ్డుపడ్డట్టు దగ్గి, నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ దగ్గింది.

"చోక్ తీశావా?" అంది హిల్కా మెట్ల మీద నుంచి.

"నాకు చెప్పకు. మీ పుట్టింటివాళ్ళు సైకిళ్ళు నేర్చుకునేటప్పటికే నేను కార్బురేటర్లు విప్పేవాణ్ణి."

ప్లగ్గు తీసి చూశాడు. తడిసి, మసిబారి ఉంది. కార్బురేటర్ ఊడబెరికి వంటింటి బల్ల మీద కేకు పక్కన పెట్టి, జెట్ల సన్నరంధ్రాల్లో తీగ గుచ్చి, నోటితో ఊది, మూతికి మసి పూసుకుని తిరిగి బిగించాడు. ఫలితం అదే దగ్గు. మళ్ళీ విప్పుతుండగా పొరుగింటి కౌకో పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. చూసేవాడు పక్కనుండగా 'తెలియడం లేదు' అనడం రైమో వంశంలోనే లేదు.

"పెట్రోల్లో నీళ్ళు" అన్నాడు ధీమాగా.

"ఎక్కడ కొట్టించావ్?"

"ఇంకెక్కడ? మా ఓస్మో పంపులోనే. నిన్న డబ్బాలో తెచ్చా."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అనేసిన మాట అది. ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క పంపే. కౌకో తల ఊపి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ ఊరివాళ్ళు ఎదురుపడితే మాట్లాడేది తక్కువ. ఆ లోటు ఫోనులో తీర్చుకుంటారు.

వేళ దాటిపోతోందని ఓస్మోయే బండేసుకుని వచ్చాడు.

"ఏం బావా, జ్ఞానతండ్రి గారికి పల్లకీ పంపాలా?"

"కార్బురేటర్ కొంచెం..." అని నసిగాడు రైమో. పెట్రోలు మాట ఎత్తలేదు. అదే పంపు పెట్రోలుతో ఓస్మో బండి ఝామ్మని మోగుతోంది.

"కట్టు తాడు. మా ఇంటి దగ్గర చూద్దాం" అని ఓస్మో చచ్చిన బండినీ, అక్కనూ, బావనూ కలిపి సరస్సు మీదుగా లాక్కుపోయాడు.

ఇంట్లో ఊరందరికీ సరిపడా కాఫీ, కేకులు ఉన్నాయి. ఊరు మాత్రం లేదు. ఓస్మో భార్య సైమీ ఒక చంకలో బిడ్డనూ, ఒక చెవి దగ్గర ఫోనునూ పట్టుకుని బిక్కమొహం వేసింది. ఫోన్లన్నీ ఒకటే పాట: రాలేం, కార్బురేటర్ విప్పేశాం. కొందరు పెట్రోలంతా మంచులో పారబోసేశారు కూడా.

పాస్టరు గారు నడిచి వచ్చారు. చేతులు నల్లగా ఉన్నాయి. "దారిలో కౌకో ఆపి, పెట్రోల్లో నీళ్ళున్నాయన్నాడు. ముందుజాగ్రత్తగా నేనూ విప్పాను. విప్పడం వచ్చింది, బిగించడమే..."

"కౌకోకు ఎవడు చెప్పాడా మాట?" ఓస్మో మొహం కందగడ్డయింది.

పాస్టరు గారు ఒకసారి రైమో వైపు చూసి, చప్పున కాఫీ వైపు చూశారు. రైమో కేకు వైపు చూశాడు.

ఓస్మో అరవలేదు. అరిచినా బాగుండేది. "రా బావా" అని పెరట్లోకి తీసుకెళ్ళి, కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలును గాజు గ్లాసులోకి వంచాడు. నీళ్ళుంటే అడుక్కి దిగాలి. ఒక్క చుక్క లేదు. తర్వాత దాని వెనక, ఇంజనుకు గాలి అందించే గాలిపెట్టెలో చెయ్యి పెట్టి తడిమి, పొడుగాటి బూడిదరంగు ఊలు మేజోడు ఒకటి బయటికి లాగాడు.

"అయ్యో! వేసవంతా దీనికోసం ఇల్లు గాలించాను!" అంది వెనకే వచ్చిన హిల్కా.

రైమోకు అప్పుడు గుర్తొచ్చింది. వసంతంలో బండి కట్టిపెడుతూ, ఎలుకలు దూరకుండా తనే కుక్కాడు. తల కొట్టేసినట్టయింది. కాళ్ళ కింద మంచు చీలి సరస్సు మింగేస్తే బాగుండుననిపించింది.

"నేనే అన్నాను ఓస్మో. తెలియదనడానికి సిగ్గేసి నీ పంపు పేరు చెప్పాను."

ఓస్మో ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు. "నాతో కాదు. ఊరితో చెప్పు."

ముందు కౌకోకు చేశాడు. "పెట్రోల్లో నీళ్ళు లేవు. నా మేజోడే గాలిపెట్టెలో అడ్డుపడింది. తప్పంతా నాది."

అవతల కౌకో గొంతు తగ్గించాడు. "ఓస్మో పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"అర్థమైందిలే. బామ్మర్ది పరువు కోసం ఎంత కథ అల్లావయ్యా! మేజోడట! నీది బంగారంలాంటి మనసు."

ఫోను చేసిన ప్రతి ఇంటా అదే వరస. చీకటి పడేసరికి రైమో మంచితనం ఆకాశానికెక్కింది, ఓస్మో పంపు పాతాళానికి దిగింది. బాప్తిస్మం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. జ్ఞానతండ్రి ఎవరన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటికి వెళ్ళే దారంతా రైమో తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

మర్నాటి నుంచి మేజోడు జేబులో పెట్టుకుని, స్కీల మీద ఇంటింటికీ బయల్దేరాడు. వెళ్ళిన ప్రతిచోటా కాఫీ కాదనకూడదు, కథ మొదటినుంచీ చెప్పాలి. "మేజోడు ఎవరిదైనా కావచ్చుగా" అన్నవాళ్ళ ముందు కూర్చుని ఎడమకాలి బూటు విప్పి, బొటనవేలి దగ్గర చిరిగిన దాని జతను చూపించాడు. ముసలమ్మలు కళ్ళజోళ్ళు పెట్టుకుని రెండింటి అల్లికా పోల్చి చూశారు. అప్పుడు నమ్మారు. నమ్మి, రైమో గుమ్మం దాటేదాకా కూడా ఆగకుండా నవ్వారు.

ఆదివారం ఊరంతా ఓస్మో పంపులో కొట్టించుకున్న బళ్ళ మీద దిగింది. రైమో తలుపు పక్కనే, కోట్ల వెనక నిలబడ్డాడు. ముందుకు రమ్మని ఎవరూ అనరని అతనికి గట్టి నమ్మకం.

"జ్ఞానతండ్రి ఎవరు?" అన్నారు పాస్టరు గారు. అందరూ ఒక్కసారిగా రైమో కాళ్ళకేసి చూశారు.

ఓస్మో బిడ్డను తీసుకుని నేరుగా కోట్ల దగ్గరికే వచ్చాడు. "ఎత్తుకో బావా. నోరు జారినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఇంటింటికీ వెళ్ళి బూటు విప్పినవాడివి నువ్వొక్కడివే."

రైమో బిడ్డను అందుకున్నాడు. ఆ కథ ఇంకా వినని మనిషి ఊళ్ళో తనొక్కతే కాబట్టి, ఆ పిల్ల అతని మీద పూర్తి నమ్మకంతో నిద్రపోయింది.