లాకుల దగ్గర ప్లూటో

ఆ రోజు తెల్లవారేసరికి కొండబాబు చేయదలచుకున్నది చిన్న పని. కాలవగట్టు రోడ్డు మీద గ్రహాలు పరిచి, ఇంటికొచ్చి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బడిపిల్లలు వచ్చే వేళకి వంతెన దగ్గర నిలబడటం. అంతే.

ఇదంతా మనవరాలు ప్రియాంక తెచ్చిపెట్టిన పెద్దరికం. నాలుగో తరగతిలో సావిత్రి టీచరు సూర్యకుటుంబం పాఠం మొదలుపెట్టగానే, "మా తాతయ్యకి గ్రహాలన్నీ తెలుసండి, రోడ్డు మీద పెట్టి చూపిస్తాడండి" అనేసింది. టీచరు సరేనంది. కొబ్బరికాయల కొట్టు కొండబాబుని ఈ ఊరు ఇన్నేళ్ళలో కాయ రేటు తప్ప ఇంకోటి అడిగిన పాపాన పోలేదు. అతనికి కూడా ఏదో తెలుసని నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఆ పిల్ల ఒక్కతే. ఆ నమ్మకం ఒకసారి జారిపోతే మళ్ళీ దొరకదని అతని భయం.

నిజానికి అతనికి తెలిసిందల్లా ఏడో తరగతిలో రాఘవులు మాస్టారు చూపించిందే. వంతెన దగ్గర గుమ్మడికాయ పెట్టి, ఇది సూర్యుడైతే మన భూమి మిరియపు గింజరా అన్నారాయన. పిల్లలకి తలో గింజా ఇచ్చి గట్టు పొడుగునా నిలబెట్టారు. కొండబాబు చేతిలో నువ్వుగింజ పెట్టి, "నువ్వు ప్లూటోవిరా. ఆ చివర కాలవ లాకుల దాకా పో. పిలిచేదాకా కదలకు" అన్నారు. తర్వాత బడిగంట కొట్టారు. అందరూ ఇళ్ళకి పోయారు. ప్లూటోని పిలవడం మాస్టారు మర్చిపోయారు. దీపాలవేళ అమ్మ వెతుక్కుంటూ వచ్చి వీపు మీద రెండు అంటించేదాకా కొండబాబు అక్కడే ఉన్నాడు. గింజ చెమటకి అరచేతికి అతుక్కుపోయింది. తండ్రి చెట్టు మీంచి పడటంతో చదువు ఆ ఏడే ఆగిపోయింది. అయినా బడి అనగానే అతనికి గుర్తొచ్చేది ఆ సాయంకాలమే. అంత ముఖ్యమైన పని మళ్ళీ ఎవరూ అప్పజెప్పలేదు మరి.

అందుకే శ్రద్ధగా చేశాడు. సూర్యుడు కదా అని గుమ్మడికాయకి పసుపు పూశాడు. మంటలు కనపడాలని కుంకుమ అద్దాడు. గింజలు గాలికి పోకుండా ఒక్కోదాన్నీ తమలపాకులో పెట్టి పక్కన రాయి ఉంచాడు. దగ్గర దగ్గరగా ఆవగింజా మిరియాలూ, కాస్త దూరంలో గురుడికి నిమ్మకాయ, ఇంకా అవతల శనికి ఉసిరికాయ. శని చుట్టూ వలయం ఉంటుంది గనక ఎర్రదారం చుట్టాడు. ఆపైన రెండు శనగలు, లాకుల దగ్గర నువ్వుగింజ. తిరిగి చూసుకుంటే మాస్టారి పనికన్నా బాగుందనిపించింది. ముందురోజు అమావాస్య అన్న సంగతి మాత్రం బుర్రకి తట్టలేదు.

స్నానం చేసి వచ్చేసరికి వంతెన దగ్గర సగం ఊరుంది. ఆగిన ఆటోల వెనక కాలేజీ బస్సు, దాని వెనక కొండబాబు సొంత కాయల లారీ. డ్రైవరు చెప్పులు విప్పి గుమ్మడికాయకి దణ్ణం పెడుతున్నాడు.

"ఏంటి వీరబాబూ?" అన్నాడు కొండబాబు, పాలు పోసే వీరబాబుతో.

"చేతబడండీ బాబూ, చిల్లంగి. లాకుల కాణ్ణించి ఊళ్ళోకి వరసగా దిగబెట్టుకుంటా వచ్చేరు. మా గుమ్మంలో దారం చుట్టిన ఉసిరికాయండి. మా ఆవిడ గడప దాటట్లేదు, గేదె పాలు చేపట్లేదు."

"అదేం కాదులే, నేను తీసేస్తాను" అని కొండబాబు అడుగేశాడు. నలుగురు పట్టుకుని వెనక్కి లాగారు. ఇస్త్రీ నలిగిపోయింది.

"మనవలున్నోరు, మీకెందుకండీ ఆ తెగింపు" అన్నారు.

అంతలో రొయ్యల చెరువుల సుబ్రహ్మణ్యేశ్వరరావు వచ్చాడు. "అసలే మావాడికి సంబంధం కుదరక చస్తుంటే, నిమ్మకాయ సరిగ్గా మా గేటుకెదురుగా పెట్టేడంటే, వాడెవడో లెక్క తెలిసినోడే. దొరకనీండి, చేతులు విరిచి ఈ కాలవలోనే పారేస్తాను."

తనకి లెక్క తెలుసని ఊళ్ళో ఒకరు ఒప్పుకోవడం కొండబాబు జీవితంలో అదే మొదటిసారి. చెప్పుకునే వీల్లేకపోయింది.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ కొండబాబు భార్య ఉమాదేవి వచ్చింది. "ఏవండీ, నిన్నకాక మొన్న నింపిన పసుపు డబ్బా ఖాళీగా ఉందేంటండీ?"

జనం ఒకరి తరవాత ఒకరు కొండబాబు వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే వరసలో వచ్చారు పిల్లలు, ముందు ప్రియాంక.

"తాతయ్యా, సూర్యుడు ఇదేనా?"

కొండబాబు సుబ్రహ్మణ్యేశ్వరరావు చేతుల వంక చూశాడు. లావుగానే ఉన్నాయి. పిల్ల కళ్ళలోకి చూశాడు.

"ఇదేనమ్మా. నేనే పెట్టేను" అన్నాడు.

ఎవరైనా నోరు తెరిచేలోగా పిల్లలు గుమ్మడికాయ చుట్టూ తిరిగేసి, బుధుడు, శుక్రుడు, భూమి అని అరుచుకుంటూ ఆకులు దాటిపోయారు. చిల్లంగి దాటితే రక్తం కక్కుతారని తరతరాలుగా విన్న ఊరు ఊపిరి బిగబట్టి చూసింది. ఎవరూ కక్కలేదు. కాసేపటికి ఊరు కూడా వెనకాలే నడిచింది.

"ఇదేంటయ్యా మరి?" అన్నాడు సుబ్రహ్మణ్యేశ్వరరావు, గేటు ముందు, పళ్ళు కొరుకుతూ.

"గురుడండి. గ్రహాల్లో అందరికన్నా పెద్దోడు."

పెద్దమనిషి మొహం మెల్లగా విచ్చుకుంది. "గురుబలం లేదనే కదయ్యా మావాడికి ఆగిపోయింది. దీన్నెవరూ కదపడానికి వీల్లేదు. ఏమే, పళ్ళెం పట్రా."

"మరి మాదండి?" అన్నాడు వీరబాబు.

"శని."

"ఆయ్, మాకే ఎందుకండీ? కూసింత అవతలకి జరపండి, మీ చేతిలో పనే కదా."

"జరిపితే దూరం తప్పుద్ది వీరబాబూ."

లాకులు చేరేసరికి పిల్లలూ కొండబాబే మిగిలారు. అతను గొంతు సవరించుకుని తొమ్మిదో గ్రహం గురించి ఎత్తుకోబోతుంటే ప్రియాంక చొక్కా పట్టుకుని కిందకి లాగి, చెవిలో చెప్పింది.

"తాతయ్యా, ప్లూటోని గ్రహాల్లోంచి తీసేసేరు. మా పుస్తకంలో ఎనిమిదే."

"ఎప్పుడు?"

"నేను పుట్టకముందేనంట."

"ఎవరు తీసేసేరు?"

"పెద్ద చదువులు చదివినోళ్ళంట."

"వాళ్ళే తీస్తార్లే" అన్నాడు కొండబాబు.

నీళ్ళు లాకు తలుపుల మీంచి అప్పట్లాగే దూకుతున్నాయి. పిల్లలు వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నారు. అతను మాత్రం ఆకు దగ్గరే నిలబడిపోయాడు. కొంతదూరం పోయాక ప్రియాంక ఆగి, చెయ్యి ఊపి, "రా తాతయ్యా" అని కేకేసింది. లాకుల దగ్గర నిలబడ్డ కొండబాబుని పిలవడం ఇన్నాళ్ళకి ఒకరికి గుర్తొచ్చింది.

సూర్యుణ్ణి ఉమాదేవి పులుసుకి పట్టుకుపోయింది. గురుడు సుబ్రహ్మణ్యేశ్వరరావు దేవుడి గదిలోకి చేరాడు. శనిని వీరబాబు గేదె దారంతో సహా నమిలేసి, సాయంత్రం బ్రహ్మాండంగా చేపింది. ప్లూటోని మాత్రం ఎవరూ అడగలేదు గనక కొండబాబు జేబులో వేసుకున్నాడు.