చెరగని పేరు

"వీర జవాన్ తిరుపాలు పేరు ఈ కె.ఆర్.పురంలో చెరిగిపోనీయను! ఇది నా మాట!" అని ఎన్నికల అభ్యర్థి మునినారాయణప్పగారు మైకులో ప్రకటించారు. అది తొంభై తొమ్మిది ఆగస్టు. కార్గిల్ యుద్ధం ముగిసి నెల కాలేదు, ఎన్నికలకు నెల ఉంది. ఇంతకంటే మంచి ముహూర్తం పంచాంగంలో దొరకదు.

వేదిక మీద తిరుపాలు తల్లి సొన్నమ్మ కుర్చీ అంచున కూర్చుంది. ఇటుకలు మోసి కొడుకును పెంచింది. వాడు ఐదువేల మీటర్ల పరుగులో దేశానికే చాంపియన్ అయ్యాడు. ఆ పరుగే వాణ్ణి సైన్యంలోకి, అక్కణ్ణుంచి కార్గిల్ కొండ మీదికి తీసుకుపోయింది.

"ఏం కావాలమ్మా, అడుగు," అన్నారాయన.

"వాడు పరిగెత్తిన గ్రౌండుకి వాడి పేరు పెట్టప్పా. యాడ పరిగెత్తినా ఫస్టే వచ్చినాడు నా బిడ్డ. ఇంకేమీ వద్దు నాకు."

"అంతేనా!" అని ఆయన కాస్త నిరాశపడ్డారు. పక్కనున్న దామోదర్‌తో, "ఓటగార అని రాయించప్పా," అన్నారు. కన్నడంలో ఓట అంటే పరుగు, ఓటగార అంటే పరుగువీరుడు. దామోదర్ మదనపల్లె నుంచి కొత్తగా వచ్చిన కార్యకర్త, కన్నడం ఇంకా ఒంటబట్టలేదు. పైగా అతనికి తెలిసిన ఓటు ఒక్కటే. మర్నాడు గ్రౌండు గేటు మీద "వీర ఓటరు తిరుపాలుగారి మైదానం" అని బోర్డు వెలిసింది. మర్యాదకు లోటు చేయలేదు.

పక్కింటి శైలజ చదివి చెప్పగానే సొన్నమ్మకు కడుపు మండిపోయింది. నేరుగా నాయకుడింటికి వెళ్లింది.

"ఓటరేందప్పా? ఓటెయ్యడానికా నా బిడ్డ ఆ కొండెక్కి చచ్చిపోయింది?"

"ప్రజాస్వామ్యంలో ఓటరు కంటే పెద్దోడు ఎవుడుండాడమ్మా? ఇప్పుడు మారిస్తే ఎలక్షన్ కోడ్ అడ్డమొస్తాది. నన్ను గెలిపించు, మార్పిస్తా."

ఆయన ఊరికే కూర్చోలేదు. సంస్మరణ పరుగు పెట్టించి, జెండా ఊపి, జీపెక్కి, పిల్లలందరికంటే ముందే గ్రౌండుకు చేరారు. న్యాయంగా మొదటి మెడల్ ఆయనకే వేశారు.

ఓటరు జాబితా చూసే పని కూడా దామోదర్‌దే. ఒకరోజు పరుగున వచ్చాడు.

"సార్, సొన్నమ్మ ఇంట్లో ఒకరు పోయినారంట. ఒక పేరు కొట్టేయాలంటా ఉండారు."

"కొట్టేయనీ. తిరుపాలు పేరు మాత్రం చెరగకూడదు. మాటిచ్చినా."

పోలింగ్ రోజు సొన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని ఎనిమిదింటికల్లా పోలింగ్ బూత్‌కు వెళ్లింది. బోర్డు మారాలంటే ఓటెయ్యాలి మరి. ఆఫీసరు జాబితా తిరగేశాడు.

"సొన్నమ్మ... లేదమ్మా. చనిపోయినట్టు కొట్టేసుండారు."

"పోయింది నేను కాదప్పా, నా కొడుకు. తిరుపాలు."

ఆఫీసరు వేలు కిందికి జారి ఒకచోట ఆగింది. అతని మొహం వికసించింది.

"పోవడమేందమ్మా, శుభమా అని! ఏడింటికి తలుపు తీయంగానే వచ్చి ఓటేసిపోయినాడు. ఈ బూత్‌లో ఆయనే ఫస్టు."