గౌస్‌సాబ్ తొడుక్కున్న షేర్వానీ

డెబ్బై ఎనిమిది వేసవిలో ఒక ఆదివారం పొద్దున, హిందూపురం దర్జీ గౌస్‌సాబ్ తన బావమరిది సాబ్జాన్ నికాకు ధర్మవరం బయలుదేరాడు. పెళ్ళికొడుకు చిలమత్తూరు నుంచి లారీలో నేరుగా వస్తాడు. అతని కోసం కుట్టిన షేర్వానీని గౌస్‌సాబ్ బస్సులో తీసుకుపోయి చేర్చాలి.

దుకాణానికొచ్చే రిటైర్డ్ ఇంజనీరు ఆదినారాయణ ఈమధ్యే ఒక కిటుకు చెప్పాడు. "ఏ పనైనా తిరగేసి ఆలోచించప్పా. ఎట్ల జరుగుతాదని కాదు, ఎట్ల చెడిపోతాదని అడుగు. ఆ దావలన్నీ మూసెయ్యి."

ఆ మాట గౌస్‌సాబ్ మనసులో నాటుకుపోయింది. షేర్వానీ ఎట్లా చేరకుండా పోతుంది? సంచి బస్సులో మరిచిపోవచ్చు. ఎవడైనా ఎత్తుకుపోవచ్చు. చాలాసేపు యోచించి, షేర్వానీ తనే తొడుక్కున్నాడు. బావాబావమరుదులది ఒకటే కొలత.

భార్య హసీనాబీ నిలబడిపోయింది. "నికా నీకా, మా తమ్మునికా?"

"ఒంటిమీద ఉండేదాన్ని ఎవరూ మర్చిపోరు. నడువు."

ఇంజను వేడెక్కి బస్సు పెనుకొండలో నిలిచిపోయింది. షేర్వానీని చూసిన కండక్టరు వెనక వచ్చిన బస్సును ఆపి, "పెళ్ళికొడుకప్పా, టయానికి పోవాల" అని ముందు సీటు ఖాళీ చేయించాడు. గౌస్‌సాబ్ మళ్ళీ తిరగేసి ఆలోచించాడు. నిజం చెబితే సీటు పోతుంది. నోరు మూసుకున్నాడు.

ధర్మవరంలో ఆ బస్సువాళ్ళు "పెళ్ళికొడుకు దిగుతాండాడు" అని కేకేశారు. బంధువుల కోసం అక్కడే కాచుకుని ఉన్న ఆడపెళ్ళివాళ్ళు పెళ్ళికొడుకును ఫోటోలో తప్ప చూసినవాళ్ళు కారు. హసీనాబీని ఆడవాళ్ళు జట్కా ఎక్కించుకుపోయారు. పెళ్ళికూతురి తాత బుడన్‌సాబ్‌కు చూపు తక్కువ. ఆయన గౌస్‌సాబ్ ముఖం నిండా పూల సెహరా కట్టేశాడు.

"తాతా, నేను పెళ్ళికొడుకును కాదు."

"సిగ్గుపడొద్దు నాయనా. నా పెండ్లిలో నేనూ అట్లే అంటి," అంటూ పెళ్ళింటికి నడిపించుకుపోయాడు.

ఇంతలో లారీ టైరు ఊరి బయట పగిలింది. చక్రం మార్చడానికి చొక్కా విప్పిన సాబ్జాన్, ఆలస్యమవుతోందని లుంగీ బనీనుతోనే ఒక్కడూ ముందుగా నడిచి వచ్చాడు. తనే పెళ్ళికొడుకునని పెళ్ళింటి వాకిట్లో ఉన్నవాళ్ళతో చెప్పుకున్నాడు.

"పెళ్ళికొడుకు లోపల కూచోనుండాడు. నువ్వు ఎనక పోయి ఉల్లిగడ్డలు కొయ్యి," అన్నారు.

లోపల కాజీ వచ్చి కూర్చున్నాడు. ఈ నికా ఎట్లా చెడిపోతుంది? నేను ఇక్కడ కూచుంటే చెడిపోతుంది. అలా తేల్చుకున్న గౌస్‌సాబ్ లేచి వాకిలివైపు నడిచాడు.

"పెళ్ళికొడుకు పారిపోతాండాడు" అని నలుగురు పట్టుకున్నారు. గొడవ విని హసీనాబీ పరుగెత్తుకొచ్చి పూలు పక్కకు తీసింది.

"వదలండి. ఈయన నా మొగుడు."

"పెండ్లయినోడా?" అన్నాడు బుడన్‌సాబ్.

"అవును తాతా, ఇద్దరు పిల్లోళ్ళు గూడా," అన్నాడు గౌస్‌సాబ్, నిజం చెబితే గండం గడుస్తుందనుకుని. పెళ్ళికూతురి తల్లి ఏడుపందుకుంది. ఇద్దరు మనుషులు చొక్కా చేతులు పైకి మడిచారు.

అక్క గొంతు విని సాబ్జాన్ వంటశాల నుంచి వచ్చాడు. చేతిలో కత్తి, కళ్ళనిండా నీళ్ళు. జనం దావ ఇచ్చారు.

"బావా, నా షేర్వానీ యాడ?"

అప్పటికి అందరికీ అర్థమైంది. గౌస్‌సాబ్ అక్కడికక్కడే షేర్వానీ విప్పి ఇచ్చాడు. ఎక్కడా చిరగలేదు, మరక పడలేదు. అది చెడిపోయే దావలన్నీ మూసిన మనిషికి, విప్పిన తర్వాత తానేం తొడుక్కోవాలన్నది మాత్రం తట్టలేదు.

నికా చక్కగా జరిగింది. బనీనుతో ఓ మూల నిలబడి చూస్తున్న గౌస్‌సాబ్ చేతికి వంటాయన గరిటె ఇచ్చి, పలావు అడుగంటకుండా చూడమన్నాడు.