ఐదు కార్డుల ఎత్తు

ఆ రోజు పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పోస్టులో పళ్ళ డాక్టరు కార్డు వస్తుంది. అందులో అతను వేసిన ఎత్తు చూసుకోవాలి. దానికి జవాబు కార్డు వీధి మలుపులో ఉన్న డబ్బాలో వేయాలి. ఆ డబ్బా రోజుకు ఒక్కసారే, తొమ్మిదిన్నరకు తెరుస్తారు. తర్వాత రక్తపరీక్షల ల్యాబుకు వెళ్ళి ఎప్పటిలాగే సూక్ష్మదర్శిని ముందు కూర్చోవచ్చు.

పళ్ళ డాక్టరును ఆమె ఎన్నడూ చూడలేదు. అతనెక్కడో దూరపు ఊళ్ళో ఉంటాడు. ఇద్దరూ కార్డుల మీద చదరంగం ఆడుతున్నారు. ఎత్తంటే కార్డు మీద నాలుగంకెలు, అంతే. మొదటి రెండూ పావు ఉన్న గడి, తర్వాతి రెండూ అది వెళ్ళే గడి. పది ఎత్తులకు ముప్పై రోజుల ఆలోచన ఇస్తారు. ముప్పై రోజులంటే సామాన్యులకు నెల. ఆమెకు మాత్రం అవి చాలవు.

ఈ పోస్టు చదరంగానికి మూలపురుషుడు బావగారు, అంటే ఆమె భర్తకు అన్న. అదే ఇంట్లో పక్క గదిలో ఉంటాడు. ఆవలింతకు పట్టే సమయంలో ఎత్తు వేసేస్తాడు. ఆమెతో రెండాటలు ఆడి, మూడో ఆట మధ్యలో లేచిపోయాడు. "నువ్వు గుర్రం కదిపేలోపు నిజం గుర్రమైతే ఊరు దాటిపోతుందమ్మా" అని, ఆ పూటే ఆమెకు నత్తమ్మ అని నామకరణం కూడా చేశాడు. పేరు ఇంట్లో అంటుకుపోయింది. ఒకసారి భర్త కూడా పొరపాటున అలాగే పిలిచి, ఆ రాత్రి తన కంచం తనే కడుక్కున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. నిదానమే నేరమైతే ఆ నేరాన్ని చట్టబద్ధంగా చేస్తానని పోస్టు చదరంగం సంఘంలో చేరింది. ప్రతి ఎత్తుకూ ఏమనుకుందో, ఎక్కడ బోల్తా పడిందో నోటుబుక్కులో రాసుకునేది. మొదటి ఏడాది పదకొండు ఆటలు ఓడింది. రెండో ఏడాది నాలుగే ఓడింది. ఊరికే వచ్చే బంటుకు ఆశపడ్డప్పుడల్లా కొంప మునుగుతోందని నోటుబుక్కు చెప్పింది, ఆమె ఆశ మానుకుంది. ఇప్పుడీ ఆట గెలిస్తే పై తరగతికి వెళుతుంది. భోజనాల బల్లలో సగం ఆక్రమించిన చదరంగం బల్ల మీద బావగారు రోజూ సణుగుతుంటే, ఒకనాడు ఉక్రోషంలో అనేసింది. ఈ ఆట ఓడితే బల్ల ఖాళీ చేసి, పావులు అటక మీద పడేస్తానని. బావగారు ఆ మాటను తేదీతో సహా కేలెండరు మీద రాసిపెట్టాడు.

తొమ్మిది ఎత్తులకే ముప్పై రోజులూ ఆవిరైపోయాయి. పదో ఎత్తు, డాక్టరు కార్డు అందిన రోజే పోస్టులో పడాలి. లేదంటే ఓడినట్టే. అందుకని అతను వేయగల ఎత్తులు ఐదున్నాయని తేల్చుకుని, ఐదింటికీ జవాబు కార్డులు ముందే రాసింది. అతను ఏది వేస్తే ఏది పంపాలో చిన్న చీటీల మీద రాసి, ఒక్కో కార్డుకు ఒక్కో గుండుసూదితో గుచ్చింది. చీమ దూరే సందు కూడా లేని ఏర్పాటు.

ఏడింటికి ల్యాబు నుంచి ఫోను వచ్చింది. తోటి ఉద్యోగి జ్వరమని మానేసిందట, వెంటనే రమ్మన్నారు. ఆమె కార్డులు భర్తకు అప్పగించి, చీటీలో అంకెలు చూసి సరిపోయిన కార్డు డబ్బాలో వేయమని మూడుసార్లు చెప్పింది. భర్త దర్జీ, ముందు గదిలోనే దుకాణం. ఆయనకు చదరంగం రాదు గానీ అంకెలు చదవడం వచ్చు. కనుక నిశ్చింతగా వెళ్ళింది.

దర్జీ ఇంట్లో గుండుసూది ఎవరిదీ కాదు, చేతికందినవాడిదే. ఎనిమిదిన్నరకు ఒకాయన ఇంటర్వ్యూకి వెళ్ళాలంటూ పంట్లాము పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. దర్జీ అంచు మడిచి, సూదుల కోసం వెతికి, కార్డులకున్న ఐదూ పీకి గుచ్చేశాడు. తొమ్మిదీ ఐదుకు డాక్టరు కార్డు వచ్చింది. చూస్తే బల్ల మీద కార్డులు ఐదు, కింద చెల్లాచెదురుగా చీటీలు ఐదు. ఏది దేనిదో ఆయనకే కాదు, ఇంట్లో ఎవరికీ తెలియదు.

పదకొండింటికి ఆమె ఫోను చేసి ఏ కార్డు వేశారని అడిగింది.

"అన్నీ వేశాను. బట్ట ఎక్కువుంటే లోపలికి మడవచ్చు గానీ తక్కువైతే ఏం చేస్తాం?" అన్నాడు భర్త. సూదుల సంగతి మాత్రం చెప్పలేదు.

ఆమె డాక్టరు కార్డులోని అంకెలు చదివించుకుంది. సంఘం నిబంధన ఆమెకు కంఠతా వచ్చు. ఒకే రోజు ముద్రతో ఒకటికి మించి ఎత్తులు వస్తే, అందులో తనకిష్టమైనది ఎంచుకునే హక్కు ఎదుటివాడిది. ఒక కార్డులో ఆమె మంత్రి మూల గడికి వెళుతుంది. డాక్టరు గుర్రం వేరే వైపుకి కదిలి ఉంటే అది మంచి ఎత్తు. అతను గుర్రాన్ని కదపనేలేదు. ఇప్పుడా గడికి వెళితే మంత్రిని పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టే.

గంట సెలవడిగి పోస్టాఫీసుకు పరుగెత్తి, సరైన కార్డు ఒక్కటే వదిలి మిగతావి ఆపమంది. పోస్టుమాస్టరు కార్డులు సంచిలోంచి తీయించాడు. అప్పటికే ముద్రలు పడ్డాయి. కార్డు మీద పంపినవారి పేరు లేదు, ఆట నంబరే ఉంది. ఆమెవే అనడానికి ఆధారమేమిటని అడిగాడు. ఆమె కాగితం మీద అంకెలు రాసి చూపిస్తుండగా బావగారు ఊడిపడ్డాడు. తమ్ముడు మొరపెట్టుకుంటే సాయం చేద్దామని వచ్చాడట.

"త్వరగా తేల్చండి సార్. ఆ అంకెలు అవతలివాడి చేతిలో పడితే మావాళ్ళ పని అయిపోయినట్టే" అన్నాడు బావగారు గుసగుసగా.

పోస్టుమాస్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. పేరు లేని కార్డులు, ఒకే చిరునామా, నాలుగేసి అంకెలు, పైగా గుసగుసలు. ఐదింటినీ సొరుగులో పెట్టి తాళం వేసి, పై ఆఫీసుకు రాస్తానన్నాడు. జవాబు రావడానికి రెండు వారాలు పడుతుందట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఆపమని వచ్చిన మనిషి ఇప్పుడు పంపమని బతిమాలాలి. కొత్త కార్డు రాసినా ఇక రేపటి ముద్రే పడుతుంది, ఈ రోజు కార్డు అసలు చేరకపోతే ఎత్తు వేయనట్టే లెక్క.

ఆమె మనియార్డరు ఫారం వెనక అరవై నాలుగు గడులూ గీసి, పోస్టుమాస్టరుకు మొత్తం ఆట వివరించింది. వెనక వరస వాకిలి దాకా పెరిగింది. స్టాంపులకొచ్చిన ఒకాయన బంటు గురించి సందేహం కూడా అడిగాడు. చివరికి పోస్టుమాస్టరు ఇది ఆటేనని నమ్మాడు.

"కానీ ముద్ర పడ్డ ఉత్తరాల్లో మీరు ఏరుకోవడం కుదరదమ్మా. ఆపితే ఐదూ ఆపుతాను, వదిలితే ఐదూ వదులుతాను. ఏం చేయమంటారు?"

"ఆలోచించుకోవాలి. కాస్త టైమివ్వండి" అంది ఆమె.

బావగారు తల పట్టుకున్నాడు. ఆమె పక్కకు జరిగి, గోడవైపు తిరిగి, ఇరవై నిమిషాలు నిలబడింది. ఆపితే ఓటమి ఖాయం. పంపితే మంత్రి పోవచ్చు, పోకపోనూవచ్చు. బుర్ర ఎన్నడూ లేనంత తేటగా ఉంది.

"ఐదూ పంపించండి. ఓడితే బల్ల మీద ఓడతాను గానీ మీ సొరుగులో ఓడను" అంది.

వారానికి డాక్టరు జవాబు వచ్చింది, చాలా మర్యాదగా. ఐదు కార్డులూ అందాయనీ, వాటిలో నాలుగోది తనకు బాగా నచ్చిందనీ, ఆమె మంత్రిని గుర్రంతో తీసుకున్నాననీ రాశాడు. ఇక ఆట ఆపేద్దామా అని కూడా అడిగాడు. బావగారు అటక మీదకు నిచ్చెన వేశాడు. భర్త ఆ రోజే సూదుల నేరం ఒప్పుకుని, అట్టపెట్టె తెచ్చి బల్ల పక్కన పెట్టాడు.

"మంత్రి పోయాక ఇంకేముంది? మర్యాదగా ఒప్పేసుకో నత్తమ్మా" అన్నాడు బావగారు.

"పోయింది మంత్రి. నేనింకా ఇక్కడే ఉన్నాను" అంది ఆమె, అట్టపెట్టెను కాలితో పక్కకు నెట్టి.

పదో ఎత్తు దాటింది కనుక ఆమెకు కొత్తగా ముప్పై రోజులొచ్చాయి. అందులో పంతొమ్మిది ఆ ఒక్క ఎత్తుకే ఖర్చు పెట్టింది. కూర కలియబెడుతూ చూసింది, జడ వేసుకుంటూ చూసింది. ఇంట్లోవాళ్ళు భోజనం సగం బల్ల మీద ఇరుక్కుని తిన్నారు. పంతొమ్మిదో రోజు ఒక చిన్న సంగతి కనపడింది. ఆశపడి మూలకు వచ్చిన గుర్రం, అప్పటిదాకా డాక్టరు రాజుకు కాపలా కాసిన గుర్రమే. ఇప్పుడు రాజు పక్కన ఎవరూ లేరు. ఆమె ఏనుగును కదిపింది. ఊరికే వచ్చిందానికి ఆశపడితే ఏమవుతుందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ తర్వాత డాక్టరు కార్డుల్లో మర్యాదలు తగ్గుతూ వచ్చాయి. మూడో కార్డుకు కుశలప్రశ్నలు పోయాయి. ఐదో కార్డులో అంకెలు మాత్రమే ఉన్నాయి. ఏడో ఎత్తుకు ఆటకట్టు. ఆఖరి కార్డులో అతను, అంత లోతుగా ఆలోచించి మంత్రిని బలివ్వడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. ఆ ఎత్తు ఎంచిపెట్టింది మీరే కనుక సగం గొప్ప మీదేనని ఆమె నిజాయితీగా జవాబు రాసింది. సంఘం ఆమెను పై తరగతిలో వేసింది.

ఆ ఆదివారం బావగారు నిచ్చెన పెరట్లో పెట్టివచ్చి, కుర్చీ లాక్కుని చదరంగం ముందు కూర్చున్నాడు. కాసేపు పావులు సర్దాడు.

"ఏమ్మా, మనిద్దరం ఒక ఆట వేద్దామా?"

"తప్పకుండా బావగారూ" అంటూ ఆమె ఖాళీ కార్డు ఒకటి ఆయన ముందు పెట్టింది. "మీ చిరునామా రాసివ్వండి."

పక్క గది చిరునామా రాయడానికి ఆయనకు పావుగంట పట్టింది.