ఎర్తమ్మ తల్లికి వైరెందుకు?

కృష్ణా జిల్లా మొత్తం మీద, మైకు పట్టుకున్న ఏ ఒక్కరికీ ఏనాడూ షాకు కొట్టని ఊరు మాది ఒక్కటేనని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను. అనుమానం ఉన్నవారు పామర్రులో బస్సు దిగి గరికలపూడి ఎటని అడిగితే ఎవరైనా చెబుతారు. చెప్పకపోతే అది వాళ్ళ అజ్ఞానం.

ఎలక్ట్రానిక్ ధ్వని పరికరాలను భద్రంగా వాడుకోవడం ఎట్లాగో, వాటి ఆలనాపాలనా ఎట్లా చూడాలో దేశానికి నేర్పగల అనుభవం మా ఊరికి ఉంది. దాన్ని రాసిపెట్టమని నన్నెవరూ అడగలేదు. ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి గనక, అడగకపోయినా రాస్తున్నాను.

మా పంచాయతీకి మైకుసెట్టు వచ్చింది తొంభై ఆరో సంవత్సరంలో. సర్పంచి రామకోటేశ్వరరావు గారు స్వయంగా బెజవాడ వెళ్ళి, గవర్నరుపేటలో బేరమాడి, ఒక యాంప్లిఫయరు, రెండు హారన్లు, స్టాండుతో సహా ఒక మైకు కొన్నారు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తోలి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు ఎక్కి, యాంప్లిఫయర్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. దాన్ని ఎట్లా వాడాలో చెప్పే కాగితం ఒకటి పెట్టెలో వచ్చింది. దానికి పటం కట్టించి ఆఫీసు గోడకు తగిలించాం. ఇంగ్లీషులో ఉంది గనక అందరూ గౌరవించారు.

సంరక్షణలో మాత్రం ఏ లోటూ రానివ్వలేదు. మొదటిరోజే యాంప్లిఫయరు నెత్తిన కొబ్బరికాయ కొట్టాం. పైనున్న సన్నటి కంతల్లోంచి నీళ్ళు లోపలికి దిగి చిటపటమన్నాయి. స్వీకరించిందని సంతోషించాం. దుమ్ము పడకుండా వార్డు మెంబరు సుధామణి గారు మఖమలు గుడ్డతో, అంచులకు కుచ్చులు పెట్టి గలేబు కుట్టించారు. సభ జరుగుతున్నంతసేపూ ఆ గలేబు తీసేవాళ్ళం కాదు. నలుగురిలో ఎవరి బట్టలైనా విప్పడం మర్యాద కాదు గదా. లోపల వేడెక్కి కాలిన వాసన వస్తే ఉపన్యాసంలో అంత వేడి ఉందని చప్పట్లు కొట్టేవాళ్ళం. వాల్యూము మీట తిప్పుతుంటే కరకరమంటోందని ఆపరేటరు రత్తయ్య దాంట్లో ఆముదం పోశాడు. హారన్లకు దిష్టి తగలకుండా నిమ్మకాయలూ ఎండు మిరపకాయలూ గుచ్చి కట్టాం. మైకు పనిచేస్తోందో లేదో తెలియాలంటే దాన్ని మొట్టాలి. ఎంత పెద్దమనిషైతే అంత గట్టిగా మొట్టాలి.

వాల్యూముకు కూడా మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎంత పెట్టాలన్నది సభ పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ఉండదు. మాట్లాడేవాడి హోదాను బట్టి ఉంటుంది. పోయిన గేదెను గురించి చెప్పుకునేవాడికి మూడు. వార్డు మెంబరుకు ఆరు. సర్పంచి గారికి పది. ఒకసారి పదిలో కూత పుడుతోందని రత్తయ్య సర్పంచి గారికి ఎనిమిదే పెట్టాడు. ఆయన వారం రోజులు వాడి మొహం చూడలేదు.

ఇక షాకు సంగతి. కొట్టలేదన్నాను గదా, కొట్టేది. చేతి మాట అటుంచండి, నాకు పెదవి మీదే కొట్టింది. అయితే మా ఊళ్ళో దాన్ని షాకనరు. 'మైకు పలకరించింది' అంటారు. పెద్దమనుషులు ప్రాణం లేని వస్తువు చేత దెబ్బ తిన్నారంటే వినడానికి బాగుండదని సర్పంచి గారే ఆ మాటను వాడుకలోకి తెచ్చారు. పోనుపోను పలకరింపు గౌరవమైంది. "మొన్న సభలో నిన్ను పలకరించిందా?" అని ఒకరినొకరు ఆరా తీసుకునేవాళ్ళు. రబ్బరు చెప్పులు వేసుకున్నవాళ్ళను మైకు పలకరించడం లేదని తర్వాత కనిపెట్టాం. మైకు వాళ్ళను చిన్నచూపు చూడకుండా, ఇకమీదట అందరూ చెప్పులు విప్పి మాట్లాడాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

అందరికంటే ఎక్కువ పలకరింపులు అందుకున్నది సర్పంచి గారే. ఒక వేసవిలో ఆయనకు గుండె దడగా ఉంటే బెజవాడ తీసుకెళ్ళారు. గుండె బలహీనంగా ఉంది, ఉలికిపాట్లు పనికిరావని డాక్టరు గట్టిగా చెప్పాడు. సర్పంచి గారి భార్య మాణిక్యమ్మ గారికి ఆ మాట చెవిలో పడిన క్షణం నుంచి మైకుసెట్టు ఇంట్లో దూరిన తాచుపాములా కనిపించింది.

"ఆ మైకు మానెయ్యండి," అన్నారావిడ ఇంటికొచ్చాక.

"సిగరెట్లు మానేస్తాలే," అన్నారు ఆయన.

"మీరు సిగరెట్లు తాగరు గదండీ."

"అందుకే, మానడం తేలిక."

ఆయన మైకు మానరని తేలిపోయింది గనక మైకు చేతే పలకరింపు మాన్పించాలని మాణిక్యమ్మ గారు పామర్రు నుంచి హేమసుందర్ అనే లైన్‌మన్‌ను పిలిపించారు. అతను గలేబు పైకెత్తి, వెనకా ముందూ చూసి, సర్పంచి గారితో మొహం మీదే అన్నాడు: "దీనికి ఎర్తు లేదండి."

ఎర్తు అంటే ఏమిటని అందరూ నా వైపు చూశారు. చదువుకున్నవాణ్ణి గదా, ఎర్తంటే ఇంగ్లీషులో భూమి అని అర్థం చెప్పాను.

సర్పంచి గారు లేచి నుంచున్నారు. "భూమి లేదా నాకు? కాలవ కింద ముప్పై ఎకరాలు ఎవడిదయ్యా?"

"మీకుందండి," అన్నాడు హేమసుందర్. "పెట్టెకు లేదండి."

సర్పంచి గారు శాంతించారు. పెట్టె కూడా ఊరి మనిషే గదా అన్నారు. పంచాయతీ ఆఫీసు పక్కన ఉన్న ఖాళీ స్థలంలో రెండు సెంట్లు శ్రీ మైకుసెట్టు వారికి కేటాయిస్తూ అప్పటికప్పుడు తీర్మానం అయింది. హేమసుందర్ ఆ స్థలంలో గొయ్యి తీసి, నిలువునా ఇనప పైపు పాతి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పోసి పూడ్చాడు. పైపు కొసకు ఒక నల్ల వైరు బిగించి దాన్ని తీసుకెళ్ళి యాంప్లిఫయరుకు కట్టాడు. రోజూ పైపు మొదట్లో బిందెడు నీళ్ళు పొయ్యమనీ, తడి ఆరితే పనిచెయ్యదనీ, పైపును ఎవరూ కదపకూడదనీ, వైరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఊడదీయకూడదనీ చెప్పి టీ తాగి వెళ్ళాడు.

మరుసటి రోజు ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. ఆ మరుసటి రోజు పైపుకు ఎవరిదో దున్నపోతు కట్టేసి ఉంది. ఎండలకు గొయ్యి బీటలిచ్చింది. మైకు మళ్ళీ పలకరించడం మొదలుపెట్టింది.

మాణిక్యమ్మ గారికి ఊరి సంగతి తెలుసు. యంత్రం కోసం నీళ్ళు మొయ్యమంటే ఒక్కరూ మొయ్యరు. ఆవిడ తెల్లారగట్ల లేచి పైపుకు పసుపు రాశారు. కుంకుమ బొట్లు పెట్టి, ఎర్ర రవికగుడ్డ చుట్టారు. పక్కింటి ఆదెమ్మను పిలిచి, ఎర్తమ్మ తల్లి వెలిసింది, రోజూ బిందెడు నీళ్ళు కోరుతోంది అని చెప్పారు. ఎవరి ఎర్తమ్మ, ఎక్కడి ఎర్తమ్మ అని ఆదెమ్మ అడగలేదు. ఒక్క బిందె సరిపోద్దా అని మాత్రం అడిగింది.

సాయంత్రానికి ఊరి ఆడవాళ్ళందరూ బిందెలతో వరస కట్టారు. గొయ్యి నాటుకు సిద్ధం చేసిన మడిలా తడిసింది. దున్నపోతును కట్టినవాడు లెంపలు వేసుకుని దణ్ణం పెట్టాడు. మైకు పలకరింపు ఠక్కున ఆగిపోయింది. సర్పంచి గారి గుండె కుదుటపడింది. మాణిక్యమ్మ గారు కంటినిండా నిద్రపోయారు. ధ్వని పరికరాల భద్రత విషయంలో మా జిల్లాలో జరిగిన తెలివైన పని ఇదొక్కటేనని నా అభిప్రాయం. అది తెలివైన పని కావడం వల్లనే ఎక్కువ కాలం నిలవలేదు.

ఎర్తమ్మ తల్లి మైకు పొగరు అణిచిందన్న వార్త చుట్టుపక్కలకు పాకింది. రేడియో గరగరమంటే ఆ తల్లికి మొక్కుకునేవాళ్ళు. టేపురికార్డరు క్యాసెట్టు నమిలేస్తే తెచ్చి పైపు ముందు పెట్టేవాళ్ళు. గొంతు బొంగురుపోయిన హరిదాసు వచ్చి ప్రదక్షిణాలు చేశాడు. పెళ్ళిళ్ళకు మైకులు అద్దెకిచ్చేవాళ్ళు పైపు మొదటి మట్టి తీసుకెళ్ళి వాళ్ళ యాంప్లిఫయర్ల లోపల చల్లుకున్నారు. వాటిలో కొన్ని అటు తర్వాత మళ్ళీ ఎప్పుడూ గరగరలాడలేదు. అసలు మాటే లేదు.

అట్లా కొన్నేళ్ళు గడిచాయి. తల్లికి గుడి కట్టాలని కమిటీ వేశాం. దానికి అధ్యక్షులు మళ్ళీ రామకోటేశ్వరరావు గారే. గోడలు లేచాయి, గచ్చు వేశాం, పైపుకు ఇత్తడి ముఖం తొడిగాం. అన్నీ కుదిరాక ఒకటి మటుకు కంట్లో పొడిచినట్టు కనిపించింది. అది ఆ నల్ల వైరు. ఒక కొస తల్లి మెడలో, ఇంకో కొస మైకుసెట్టు పెట్టెలో. అంత మహిమ గల తల్లిని పెట్టెకు పలుపుతాడుతో కట్టేసినట్టుందని భక్తులు బాధపడ్డారు. సదరు వైరును తక్షణమే తొలగించి, దాని స్థానంలో వెండిపూత గొలుసు అలంకరించాలని కమిటీ తీర్మానించింది. గొలుసు రెండో కొస దేనికీ తగలనవసరం లేదని కూడా అందులో రాయించాం.

ఆ సమావేశానికి మాణిక్యమ్మ గారు పిలవకుండానే వచ్చారు. మగవాళ్ళ మధ్య నిలబడి చెప్పారు: "అది ఇనప పైపండీ. పసుపు రాసింది నేనే. పేరు పెట్టింది నేనే. ఆ వైరు తీశారంటే ఈయన ప్రాణం పోద్ది."

ఆవిడ వెనకే వచ్చిన ఆదెమ్మ మెల్లగా చేతులు జోడించింది. "చూశారా, తల్లి మాణిక్యమ్మ గారి నోటమ్మట ఎట్టా బెదిరిస్తందో. వైరు తీసేదాకా శాంతించేట్టు లేదు."

వైరు ఆ పూటే తీసేశారు.

ఇంటికి వెళ్ళాక మాణిక్యమ్మ గారు మొగుడి కాళ్ళ మీద పడినంత పని చేశారు. కనీసం ప్రతిష్ఠ రోజున మాట్లాడమాకండని బతిమాలారు. ఆయన, పైపే అయితే మాత్రం ఏవిటే అన్నారు. ఇన్నేళ్ళు మనం దాన్ని నమ్మాం, ఒక్క రోజు అది మనల్ని నమ్మొద్దా అన్నారు. ఇంత లోతైన మాట ఆయన అంతకు ముందెప్పుడూ అనలేదు.

ప్రతిష్ఠ రోజున సర్పంచి గారు తలస్నానం చేసి, ఒంటిమీద తడిబట్టలతోనే తల్లికి అభిషేకం చేశారు. గచ్చు మీద పాదం మునిగేంత నీళ్ళు. తీర్మానం ప్రకారం కాళ్ళకు చెప్పుల్లేవు. జనం కిటకిటలాడుతున్నారు. మాణిక్యమ్మ గారు పూజాసామాను ఉన్న అరుగు మీద, పురోహితుడు లేచిన పీట పక్కన కూర్చుని, కళ్ళు మొగుడి చేతిమీద నుంచి తిప్పలేదు. రత్తయ్య మీట పదికి తిప్పాడు. సర్పంచి గారు మైకును గట్టిగా మొట్టి, రెండు చేతులతో అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, ఈ తల్లి చల్లని చూపు వల్ల నేడు మన ఊళ్ళో మైకు..."

అక్కడ ఆగిపోయారు. తర్వాత వణకడం మొదలుపెట్టారు. వేళ్ళు మైకును వదలడం లేదు. కళ్ళు పైకి పోయాయి. జనం ఒక్క క్షణం చూసి, అర్థమైపోయి, పూనకం అని చేతులెత్తి మొక్కారు. ఎవరో హారతి వెలిగించారు. ఈ ఏడు కాలవకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో సెలవియ్యి తల్లీ అని ముందు వరస రైతులు అడిగారు. "వ... వ... వ..." అని తల్లి సెలవిచ్చింది. వస్తాయంటోందని ఒక వర్గం, వదలరంటోందని ఇంకో వర్గం వాదానికి దిగాయి. సర్పంచికే పది అయితే సాక్షాత్తు అమ్మవారికి పది చాలదని తోచి రత్తయ్య మీటను ఇంకా తిప్పబోయాడు. అది ఆముదంలో జారి ఊడి వాడి చేతిలోకి వచ్చింది.

మాణిక్యమ్మ గారు లేచారు. పొడిగా ఉన్న ఆ చెక్కపీట రెండు చేతులా ఎత్తి, మైకు మీద బలం కొద్దీ కొట్టారు. మైకు ఎగిరి అటు పడింది. సర్పంచి గారు ఇటు పడ్డారు. ఆవిడ ఆయన్ను చూడకుండా ముందు గోడ దగ్గరికి పరుగెత్తి, స్విచ్చి ఆపి, ప్లగ్గు లాగేసి, అప్పుడు వచ్చి ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నారు.

మాట మధ్యలో అమ్మవారిని కొట్టిందని జనం ఆవిడ మీద మండిపడుతుండగానే, కారు తెచ్చి ఆయన్ను బెజవాడ తీసుకెళ్ళారు. గుండె ఆగిందంటే ఆగింది, ఆడిందంటే ఆడింది అన్నట్టుగా కొన్నాళ్ళు గడిచి, ఆయన ఇంటికి వచ్చారు. ఊరంతా సిగ్గుపడింది. కమిటీ మాణిక్యమ్మ గారి ముందు తలవంచుకుని నిలబడి, పాత వైరు వెతికి తెచ్చి, హేమసుందర్‌ను పిలిపించి మళ్ళీ కట్టించింది. ఆ రోజున గుళ్ళో దీపం పెట్టింది ఆవిడే.

ఇంతవరకూ రాసింది చదివి వినిపిస్తే మా ఆవిడ, ఆ చివరి ముక్క ఎక్కడిది అని అడిగింది. అడిగింది గనక ఒప్పుకోక తప్పదు. ఎర్తమ్మ నిజం, పూనకం నిజం, సర్పంచి గారు బతికి బయటపడడం నిజం. ఊరు సిగ్గుపడిందనీ, వైరు మళ్ళీ కట్టించిందనీ రాశానే, అది నేను కల్పించాను. కథ అన్నాక కాస్త మంచి ఉండాలంటారని పెట్టాను. కమిటీ చేసిందల్లా, ఉపన్యాసం మధ్యలో తల్లికి అడ్డు తగిలినందుకు మాణిక్యమ్మ గారి చేత ప్రాయశ్చిత్తం చేయించడం, గొలుసుకు బంగారుపూత వేయించడం. సర్పంచి గారు ఇప్పుడు మైకు ముట్టుకోరు, డాక్టరు మాటే మాట. అందుచేత మా ఊళ్ళో మొదటి వక్త స్థానం ఖాళీగా ఉంది. తమరు చదువుకున్నవారు, మాట్లాడగలిగినవారు. వచ్చే తిరునాళ్ళకు తప్పక రండి. చెప్పులు బయట విడవండి. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు మేమే ఇస్తాం.